టిప్పు తిప్పలు

బిల్లు వచ్చేదాకా అంతా బాగానే ఉంటుంది. బిర్యానీ పొగలు కక్కుతూ వచ్చింది. మిర్చి కా సాలన్ రెండోసారి అడిగినా విసుక్కోకుండా పోశారు. పిల్లలు గొడవ చేయకుండా తిన్నారు. ఇక చేతులు కడుక్కుని లేవడమే. అప్పుడొస్తుంది నల్ల అట్టల మధ్య మడిచిన కాగితం, పక్కనే చిన్న గిన్నెలో సోంపూ పటికబెల్లం! బిల్లు 860 రూపాయలు. రెండు అయిదొందల నోట్లు పెడితే 140 వెనక్కొస్తుంది. అందులో ఎంత తీసుకోవాలి? ఎంత వదిలేయాలి? నలభై వదిలేస్తే పిసినారి అనుకుంటాడేమో. వంద వదిలేస్తే ఇల్లు చేరేదాకా కార్లో క్లాసు తప్పదు. ఈలోపు సర్వరు ఆ 140ని ఒక వంద నోటు, రెండు ఇరవైలుగా తెస్తాడా, లేక అన్నీ పదులూ ఇరవైలుగా మార్చి తెస్తాడా అన్నదాన్నిబట్టి సగం నిర్ణయం జరిగిపోతుంది. నోటు విడగొట్టి తేవడం హోటలు పనిలో చేరినవాడు నేర్చుకునే మొదటి విద్య మరి!

మన దగ్గర టిప్పుకి రాసిపెట్టిన లెక్కంటూ లేదు. మనిషిని బట్టి, చోటుని బట్టి, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. టిఫిన్ సెంటర్లో అసలు టిప్పే లేదు. టోకెన్ మనమే తెచ్చుకుంటాం, నిలబడి తింటాం, ప్లేటు మనమే తీసుకెళ్లి టబ్బులో పడేస్తాం. ఎవరికిస్తాం? ఇరానీ హోటల్లో చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కెట్లు నంజుకుని, గల్లా దగ్గర డబ్బులిచ్చి బయటపడతాం. మహా అయితే మిగిలిన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు టేబుల్ మీదే ఉండిపోతాయి.

భోజన హోటళ్లలో కథ వేరు. రోజూ వచ్చే ఖాతాదారు ప్రతి పూటా ఇవ్వడు. నెల మొదట్లోనో, పండక్కో సర్వరు చేతిలో ఎంతో కొంత పెడతాడు. ఆ తర్వాత ఆయన విస్తట్లో గోంగూర కాస్త ఎక్కువే పడుతుంది. ముద్దపప్పు మీద నెయ్యి గరిటె ఇంకో క్షణం ఆగుతుంది. దీన్ని టిప్పు అనాలో, ముందస్తు లంచం అనాలో చెప్పడం కష్టం. బార్లో అయితే ఇంకో లెక్క. మొదటి పెగ్గుకి ముందు ధరల పట్టీలో ప్రతి గీతా చదివే మనిషి మూడో పెగ్గు తర్వాత దాన కర్ణుడైపోతాడు. తెల్లారి పర్సు చూసుకుంటే గానీ ఆ దానం ఎంతో తెలీదు. అక్కడి తగాదాలూ వేరే... అడక్కుండా వచ్చి బిల్లులో చేరిపోయే పల్లీల ప్లేటు, ఎన్ని తెరిచారో గుర్తులేని సోడాలు!

పేర్లు చూడండి. హైదరాబాద్‌లో పెద్దవాళ్లు బక్షీసు అంటారు, పారశీకం నుంచి వచ్చిన మాట. ఇనాం అన్నా అంతే, మెచ్చి ఇచ్చేది. టిప్ అనే ఇంగ్లిషు మాటకి 'టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్' అని విడమరిచి చెబుతుంటారు గానీ అది తర్వాతెవరో అల్లిన కథ. ఒకప్పటి ఇంగ్లిషు దొంగల పరిభాషలో 'చేతికందించు' అన్న అర్థంలో వాడిన మాట అది. వీటన్నిటికన్నా నిజాయతీ గల మాట మన మామూలు. దసరా మామూలు గుర్తుంది కదా! మొదట ఎవరో సంతోషపడి ఇచ్చారు. మరుసటేడు వాళ్లే వచ్చి అడిగారు. మూడో ఏడుకి అది వాళ్ల హక్కు, మన బాకీ. మెచ్చి ఇచ్చింది మామూలైపోవడానికి ఎంతో కాలం పట్టదు. హోటల్ బిల్లులో జరిగిందీ సరిగ్గా ఇదే.

బిల్లులోకి దూరిన టిప్పు

బిల్లులో వంటకాల మొత్తం కింద సర్వీస్ ఛార్జ్ అని ఒక గీత కనిపిస్తుంది. సాధారణంగా 5 నుంచి 10 శాతం. కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. చాలామంది దీన్ని ప్రభుత్వానికి పోయే పన్ను అనుకుని నోరెత్తకుండా కట్టేస్తారు. అనుకోవడానికి కారణం లేకపోలేదు. 2011లో ఏసీ రెస్టారెంట్ల మీద కేంద్రం సర్వీస్ ట్యాక్స్ వేసింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా బిల్లులో వ్యాట్, సర్వీస్ ట్యాక్స్, సర్వీస్ ఛార్జ్ మూడూ వరసగా ఉండేవి. ఒకటి రాష్ట్రానికి, ఒకటి కేంద్రానికి, మూడోది యజమాని గల్లాకి! పేర్లు కవలపిల్లల్లా ఉంటే ఎవరికి మాత్రం తేడా తెలుస్తుంది? సర్వీస్ ట్యాక్స్ పోయింది. సర్వీస్ ఛార్జ్ మాత్రం ఆ నీడలో నిలదొక్కుకుంది.

లెక్క చూద్దాం. వెయ్యి రూపాయలకు తిన్నారు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం కాబట్టి 1,050 కట్టాలి. మధ్యలో పది శాతం సర్వీస్ ఛార్జ్ చేరితే మొత్తం 1,100 అవుతుంది. జీఎస్టీ దాని మీద పడుతుంది, 55 రూపాయలు. కట్టేది 1,155. అంటే మనం ఇవ్వాలనుకోని టిప్పు మీద మనమే పన్ను కూడా కడుతున్నామన్నమాట! ఇంత కట్టాక కూడా సర్వరు పక్కనే నిలబడి తల గోక్కుంటుంటే ఇంకో యాభై తీయక తప్పదు. మూడుసార్లు ముట్టజెప్పినట్టు.

ఈ గీత మీద గొడవ ఈనాటిది కాదు. సర్వీస్ ఛార్జ్ వినియోగదారుడి ఇష్టమేననీ, బిల్లులో ఆ చోటు ఖాళీగా వదిలేసి ఎంత ఇవ్వాలో ఆయననే రాసుకోనివ్వాలనీ 2017 ఏప్రిల్‌లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఖాళీగా వదిలిన బిల్లు ఎంతమంది చూశారో మరి! 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకాస్త గట్టిగా చెప్పింది. బిల్లులో దానంతటది చేరిపోకూడదు. ఇంకో పేరుతోనూ వసూలు చేయకూడదు. ఇవ్వనన్నవాళ్లని లోపలికి రానివ్వమనకూడదు. దాన్ని తిండి ధరతో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. అదే నెలలో రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకున్నాయి.

వాళ్ల వాదన కూడా వినాలి. 'ధరల పట్టీలో ముందే రాస్తున్నాం, ఇష్టమైతేనే కూర్చోండి. ఆ డబ్బు సర్వర్లకే కాదు, లోపల వంటవాళ్లకీ గిన్నెలు కడిగేవాళ్లకీ వెళ్తుంది' అని. రెండో మాటలో న్యాయముంది. పొయ్యి దగ్గర చెమటోడ్చే మనిషి మొహం మనకి కనపడదు, కాబట్టి ఆయనకి టిప్పూ అందదు. అందరికీ పంచాలనుకోవడం తప్పేం కాదు. కానీ అలా పంచినట్టు లెక్క చూపించిన బిల్లు నేనింతవరకూ చూడలేదు. జీతాలు పెంచాలనుకుంటే బిర్యానీ ధర పదిరూపాయలు పెంచొచ్చు. అది చూసి తినాలో వద్దో మనం తేల్చుకుంటాం. పట్టీలో ఒక ధర రాసి, అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకొంచెం దాచడం దేనికి?

2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తేల్చింది. సర్వీస్ ఛార్జ్ అయినా టిప్పు అయినా వినియోగదారుడు ఇష్టపడి ఇచ్చేదే, తప్పనిసరి చేయడం చట్టవిరుద్ధం అని చెప్పి 2022 మార్గదర్శకాలను సమర్థించింది. సర్వీస్ ఛార్జ్ అనే పేరే జనాన్ని తికమక పెడుతోందని కూడా అంది. కోర్టుకెక్కిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయలు ఖర్చుల కింద వేసింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు. ఆ ఏడాది ఆగస్టులో విచారణకొచ్చినప్పుడు ధర్మాసనం నుంచి ఒక ఆసక్తికరమైన ప్రశ్న ఎదురైంది. ఇరవై రూపాయల నీళ్ల సీసాని వందకి అమ్ముతున్నప్పుడు, ఆ పైన తీసుకునే ఎనభై దేనికి? హోటల్లో వాతావరణం, సేవ బాగుంటాయనేగా? మరి మళ్లీ సర్వీస్ ఛార్జ్ ఎందుకు?

మినరలా? మామూలా?

కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే వినిపించే మొదటి ప్రశ్న... 'వాటర్ మినరలా సార్, రెగ్యులరా?' ఎదురుగా బంధువులో, ఆఫీసువాళ్లో, పెళ్లిచూపుల తర్వాత మొదటిసారి కలిసిన అమ్మాయో ఉంటే రెగ్యులర్ అని ఎలా అంటాం? కొన్నిచోట్ల అదీ అడగరు. సీసా మూత తీసి గ్లాసులో పోసేస్తారు. మూత తీశాక మాటేముంది!

సీసా మీద ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవడం నేరం కదా అంటారా? బయట కొట్లో అయితే అవును. హోటళ్ల విషయంలో మాత్రం సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో వాళ్లకి అనుకూలంగానే చెప్పింది. హోటల్లో కూర్చుని తాగే నీళ్ల సీసా వట్టి సరుకు అమ్మకం కాదు, కుర్చీ, బల్ల, వడ్డన కలిసిన సేవ కాబట్టి ఎంఆర్‌పీ పట్టింపు అక్కడ చెల్లదని. కాబట్టి సీసా ధర మీద తగాదా పెట్టుకుంటే గెలవడం కష్టం. మామూలు మంచినీళ్లు అడగడానికి సిగ్గుపడకపోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. అడగని వస్తువు బిల్లులో కనపడితే మాత్రం తీసేయమనొచ్చు. నీళ్లయినా, మసాలా పాపడ్ అయినా.

జీఎస్టీ గీతని కూడా ఓసారి చూడండి. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం ఉన్న చిన్న హోటళ్లు కాంపొజిషన్ పద్ధతిలో పన్ను కట్టొచ్చు. ఆ పద్ధతి ఎంచుకున్నవాళ్లు వినియోగదారుడి దగ్గర జీఎస్టీ వేరుగా వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాయాలి కూడా. జీఎస్టీ నంబరు లేని బిల్లులో జీఎస్టీ గీత ఉందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. మద్యం అసలు జీఎస్టీలోనే లేదు. తిండి బిల్లు, మందు బిల్లు విడివిడిగా ఇచ్చేది అందుకే.

ఆ డబ్బు ఎవరిది?

మన చిరాకంతా ఒకవైపు. బల్లకి అటువైపు నిలబడ్డ మనిషి సంగతేంటి? హైదరాబాద్‌లో ఇవాళ మీకు వడ్డిస్తున్న కుర్రాడు ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో, అస్సాం నుంచో వచ్చి ఉండొచ్చు. భోజనం, పడక హోటలువాళ్లవే. జీతం ఇంటికి పంపుతాడు. టిప్పులే చేతి ఖర్చు. కొన్నిచోట్ల ఎవరి టేబుల్ టిప్పు వాళ్లదే. కొన్నిచోట్ల అన్నీ ఒక డబ్బాలో వేసి రాత్రికి పంచుకుంటారు, కెప్టెన్‌కి రెండు వాటాలు, టేబుళ్లు తుడిచేవాడికి అర వాటా. డబ్బా తాళంచెవి ఎవరి దగ్గరుంటుందన్నదాన్ని బట్టి ఉంటుంది అసలు న్యాయం.

ఈ విషయంలో చట్టం చాలా స్పష్టంగా మాట్లాడిన సందర్భం ఒకటుంది, ఎక్కువమందికి తెలీదు. పెద్ద హోటళ్లలో కార్డు మీద ఇచ్చిన టిప్పుని యాజమాన్యం సర్వర్లకి పంచుతుంది కదా, అది జీతమే కాబట్టి దాని మీద టీడీఎస్ పట్టుకోవాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. టిప్పు ఇచ్చింది యజమాని కాదు, వచ్చిన అతిథి. యజమాని చేతిలో అది కాసేపు ఉంటుందంతే, నమ్మకం మీద దాచిన సొమ్ములా. అందువల్ల అది జీతం కాదంది. పన్ను తగాదాలో వచ్చిన మాటే అయినా మనకి కావలసింది అందులో ఉంది. టిప్పు యజమానిది కాదు!

బ్రిటన్‌లో దీనికోసం ఏకంగా చట్టమే చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ వినియోగదారులిచ్చే టిప్పులూ సర్వీస్ ఛార్జీలూ మొత్తం ఉద్యోగులకే పంచాలి, యజమాని అందులోంచి పైసా మినహాయించుకోకూడదు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అందుకే సర్వీస్ ఛార్జ్ పేరుతో వసూలైన పది శాతం ఆ ఒడిశా కుర్రాడిదాకా వచ్చిందో లేదో అడిగితే గానీ తెలియదు. అడిగినా, యజమాని కౌంటర్‌లో కూర్చుని చూస్తుంటే ఏం చెబుతాడు పాపం!

ఇప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. ఫోన్లో చెల్లింపులు. స్కాన్ చేస్తాం, 860కి 860 సరిగ్గా కడతాం, లేచిపోతాం. చిల్లర లేదు, వెనక్కిచ్చే నోట్లు లేవు, ఫోల్డరులో మర్చిపోయే ఇరవై లేదు. ఇవ్వకూడదని కాదు. జేబులో నోటే ఉండటం లేదు. కొందరు సర్వర్లు మెల్లగా తమ ఫోన్లోని కోడ్ చూపిస్తున్నారు. కొన్ని హోటళ్లు దాన్ని ఒప్పుకోవు, కొందరు కస్టమర్లకీ అది అడుక్కోవడంలా తోచి ఒళ్లు మండుతుంది. దాని బదులు కొత్త రకం మామూలొకటి మొదలైంది. 'గూగుల్‌లో ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్, నా పేరు రాయండి.' రాసేదాకా కదలరు. నోట్లో ముద్ద ఉండగానే ఫోన్ తీయించే ఈ పద్ధతి కన్నా పాతకాలపు తల గోక్కోవడమే నయమనిపిస్తుంది.

టిప్పే జీతమైతే...

టిప్పు ముదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లొచ్చిన తల్లిదండ్రుల్ని కదపండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు హోటలుకి తీసుకెళ్లాడు. నలభై డాలర్ల భోజనానికి ఎనిమిది డాలర్లు టిప్పు రాశాడు. నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చేశాడు. ఇక ఆ పూట తిన్నది అరగదు! పోనీ బిర్యానీ పార్సిల్ తెచ్చుకుందామని కౌంటర్ దగ్గరికెళ్తే అక్కడా తెర తిప్పి చూపిస్తారు. 18, 20, 22... ఏదో ఒకటి నొక్కమని. వెనక వరసలో నలుగురు చూస్తుంటారు.

'వీళ్లకి బుద్ధి లేదా' అనుకునే ముందు ఒక అంకె తెలుసుకోవాలి. టిప్పులొచ్చే ఉద్యోగికి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అదే అంకె. మామూలు కనీస వేతనం 7.25కి మిగతాది టిప్పులతో నిండాలి, నిండకపోతేనే యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి ఏడు రాష్ట్రాలు మాత్రం టిప్పుతో పని లేకుండా పూర్తి వేతనం ఇవ్వాల్సిందేనన్నాయి. చాలా రాష్ట్రాలు 2.13 కన్నా కాస్త ఎక్కువ పెట్టాయి. కొన్ని ఆ 2.13 దగ్గరే ఉన్నాయి, మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌తో సహా. అంటే అక్కడ టిప్పు ఎగ్గొట్టడమంటే ఒక మనిషి కూలి ఎగ్గొట్టడమే. విచిత్రమేంటంటే, వందేళ్ల కిందట అదే దేశంలో టిప్పు బానిస బుద్ధులు నేర్పుతుందని పెద్ద ఉద్యమం నడిచింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుని నిషేధించింది కూడా. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1926 కల్లా ఆ చట్టాలన్నీ పోయాయి, టిప్పు మిగిలింది. జపాన్‌లో అయితే బల్ల మీద డబ్బు వదిలితే మర్చిపోయారనుకుని వెనక పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు.

మన దగ్గర అలా టిప్పుని చూపించి కనీస వేతనం తగ్గించే ఏర్పాటు లేదు. హోటలు కార్మికుడి వేతనం యజమాని బాధ్యతే, టిప్పు ఆ పైన. ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది ఈ తేడానే. సర్వీస్ ఛార్జ్ గీత చెరిపేయడానికి చూస్తున్నది కూడా దీన్నే. జీతం పెంచమన్న కుర్రాడికి 'టిప్పులొస్తున్నాయిగా' అని యజమాని, టిప్పు ఆశించిన కుర్రాడికి 'బిల్లులో కట్టాంగా' అని కస్టమరు సమాధానం చెప్పేస్తే మధ్యలో నిలబడేది ట్రే పట్టుకున్నవాడే.

అడిగితే తీసేస్తారా?

చాలాచోట్ల తీసేస్తారు. డబ్బు కట్టకముందే అడగాలి. ఆ గీత పెట్టింది సర్వరు కాదు కాబట్టి ఆయన మీద అరవక్కర్లేదు, మేనేజర్ని పిలిపిస్తే చాలు. తీయమంటే కొత్త బిల్లు ఇమ్మనండి. పెన్నుతో కొట్టేసి ఇస్తే దాని మీది జీఎస్టీ అలాగే ఉండిపోతుంది. కుదరదన్నారా? కట్టేసి, బిల్లు ఫొటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మార్గదర్శకాల ప్రకారం జిల్లా కలెక్టరుకీ ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే ఆన్‌లైన్‌లోనే వీలుంది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. వంద రూపాయల కోసం అంత దూరం ఎవరెళ్తారంటారా... వెళ్లరనే కదా వాళ్ల ధీమా!

ఇక ఆ కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే కార్డు యంత్రంలోనో, బిల్లు మీదో అంకె వేయడం కన్నా నోటు చేతికివ్వడమే దగ్గరి దారి. దానికోసం పర్సులో నాలుగు యాభైలు విడిగా పెట్టుకునేవాళ్లున్నారు. ఇచ్చేటప్పుడు పేరు అడిగితే చెబుతాడు. చాలామంది 'ఏయ్ బాబూ', 'భయ్యా' అనే పిలుస్తారు కాబట్టి కాస్త ఆశ్చర్యపోయి మరీ చెబుతాడు.